పియానో మోగితే పెళ్లికూతురు రావాలి

కాకినాడలో మేం పెరిగిన ఆ కాలంలో, పియానో అన్న వస్తువు ఊరు మొత్తానికి మా చర్చిలో ఒక్కటే ఉందని మా నమ్మకం. ఇంకెక్కడైనా ఉందేమోనని వెతికిన పాపాన ఎవరూ పోలేదు. దాని పని కూడా అందరికీ తెలుసు. జనం పాడుతుంటే వెనక మోగాలి. ఎవరూ పాడకుండా అదొక్కటే మోగిందంటే పెళ్లికూతురు గుమ్మంలోకి వచ్చిందని అర్థం, అప్పుడు అందరూ లేచి వెనక్కి తిరగాలి. ఈ రెండూ కాక పియానోకి మూడో పని ఉందనీ, టిక్కెట్టు కొనుక్కుని మరీ కూర్చుని వినేవాళ్లు ప్రపంచంలో ఉన్నారనీ నాకు ఫోన్లో వీడియోలు చూశాకే తెలిసింది. ఇప్పుడు నేను తింటున్నది ఆ మూడో పని పెట్టే తిండే.

నాకు వాయించడం నేర్పింది మా పెద్దమ్మ. చర్చి పియానో ఆవిడదే (అంటే ఆవిడ కొన్నదని కాదు, ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు). సరిగమల కంటే ముందు ఆవిడ నేర్పిన సూత్రం ఒకటుంది. "పెళ్లికూతురు ముందుకొచ్చి నిలబడేదాకా చెయ్యి తియ్యకూడదే. కరెంటు పోయినా సరే, అది చీర తట్టుకుని పడినా సరే. పేజీలు అయిపోతే మళ్లీ మొదట్నించీ ఎత్తుకో." డిగ్రీ పూర్తయ్యేనాటికి ఊళ్లో సగం మంది పెళ్లికూతుళ్లు నా చేతి మీదుగానే నడిచారు.

డిగ్రీ అయ్యాకే గొడవ వచ్చింది. చెన్నైలో ఒక పేరున్న టీచరుగారి దగ్గర చేరి కచేరీలు చేసే పియానిస్టుని కావాలని నా కోరిక. తను పనిచేసే ఎరువుల ఫ్యాక్టరీ ఆఫీసులోనే నేనూ చేరాలని మా నాన్న కోరిక. ఆ టీచరుగారు మన నెల్లూరు మనిషే. విశాఖపట్నం వెళ్తూ దారిలో సామర్లకోటలో దిగి, కాకినాడ వచ్చి నా వాయింపు వింటానన్నారు. నాన్న ఒక్క మాటతో తేల్చేశాడు. "ఆవిడ సరేనంటే చెన్నై. కాదంటే సోమవారం నా బండెక్కి ఆఫీసుకొస్తున్నావ్. మళ్లీ ఏడుపులూ అవీ పెట్టుకోకూడదు."

పియానో కదిలే రకం కాదు కాబట్టి కచేరీ చర్చిలోనే పెట్టాం. ముందురోజే అక్కడ పెళ్లి జరిగింది. పూలదండలు, ఎర్ర తివాచీ, పెళ్లికూతురి వెల్వెట్ కుర్చీ అలాగే ఉన్నాయి. "బాగానే ఉన్నాయి కదా, తియ్యడం ఎందుకు?" అంది అమ్మ. జనం కిక్కిరిసి వచ్చారు, టీచరుగారు తప్ప. రైలు లేటట. "అందరూ వాచీలు చూసుకుంటున్నారు, మొదలెట్టెయ్యమ్మా" అన్నారు పాస్టరుగారు. కష్టమైనవన్నీ ఆవిడ కోసం దాచిపెట్టి, ఎప్పుడో జర్మనీలో ఒకాయన రాసిన నెమ్మదైన రచన, మూడు పేజీలది, ఎత్తుకున్నాను.

నాలుగు స్వరాలు మోగాయో లేదో, ముందు వరసలో అమ్మమ్మ లేచింది. కొంగు సర్దుకుని గుమ్మం వైపు తిరిగింది. అమ్మమ్మ లేస్తే అమ్మ కూర్చోలేదు, అమ్మ లేస్తే పక్కవాళ్లు కూర్చోలేరు. చూస్తుండగానే చర్చి మొత్తం నిలబడి నాకు వీపు చూపించింది. తెలియక కాదు, కచేరీ అని కార్డులో చదివి వచ్చినవాళ్లే. కానీ కాళ్లు కార్డులు చదవవు కదా. పెళ్లికూతురు చూస్తే రాలేదు. ఆవిడ రాకుండా కూర్చోవడం మర్యాద కాదు.

"ఎవరి పెళ్లండీ?" అని ఒక గొంతు.

"కచేరీ అన్నారు కదండీ."

"మరి మనం ఎందుకు లేచామండీ?"

"అందరూ లేచారు కదండీ. పాపం, పార్లర్లో లేటయ్యుంటుంది."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. సోమవారమూ, నాన్న బండీ, వెనక సీటూ కళ్లకు కట్టినట్టు కనబడ్డాయి. మూడో పేజీ అయిపోయింది. ఇక ఆపి లేచిపోదామనుకున్నాను. చేతులు నా మాట వినలేదు. పెద్దమ్మ మాట విని మొదటి పేజీకి వెళ్లిపోయాయి.

అప్పుడు బయట ఆటో ఆగింది. ఒక చేతిలో హ్యాండ్‌బ్యాగు, ఇంకో చేతిలో సగం తాగిన నీళ్ల సీసా, గాలికి రేగిన తెల్లజుట్టుతో టీచరుగారు గుమ్మంలోకి వచ్చి, తనవైపే తిరిగి నిలబడ్డ ఊరుని చూసి ఒక్క క్షణం ఆగారు. ఏమనుకున్నారో, జుట్టు సర్దుకుని, నా తాళానికి సరిగ్గా అడుగులు వేస్తూ తివాచీ మీద నడిచారు. పిన్ని దండలోంచి రేకులు తుంచి చల్లింది (చేతికి పూలందితే ఆవిడ చల్లకుండా ఉండలేదు). సంఘ పెద్ద ఒకాయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి వెల్వెట్ కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆవిడ కూర్చోగానే నేను ముగించాను. ఆ ముగింపు కీర్తనల ముగింపులాగే వచ్చేసింది. జనమంతా ఒక్క గొంతుతో "ఆమెన్" అన్నారు.

తరవాత దాచుకున్నవి కూడా వాయించాను. ఎలా వాయించానో గుర్తులేదు. అంతా అయ్యాక, టీ దగ్గర నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఎలా ఉందండీ మా అమ్మాయి వాయించడం?"

ఆవిడ నావైపు తిరిగారు. "మొదటిది మూడు పేజీలతో అయిపోవాలి. దాని చివర నాకు వీధి మలుపులోనే వినబడింది. నువ్వు మళ్లీ మొదటికెందుకు వెళ్లావు?"

"పెళ్లికూతురు ఇంకా రాలేదండి" అన్నాను. నిజంగా నా నోటికి అదే వచ్చింది.

ఆవిడ నవ్వలేదు. టీ కప్పు కింద పెట్టి నాన్నతో అన్నారు. "మీ అమ్మాయికి ఇంకా చాలా నేర్పాలండి. నా దగ్గరికొచ్చే పిల్లలు చాలా బాగా వాయిస్తారు, కానీ ముందు వరసలో ఎవరైనా దగ్గితే చాలు, ఆగిపోతారు. హాలు హాలంతా వెనక్కి తిరిగినా ఈ పిల్ల ఆగలేదు. జూన్‌లో పంపించండి." నాన్న వెళ్లి ఆవిడకి ఇంకో టీ తెచ్చిచ్చాడు.

ఇప్పుడు నేను వాయించే హాళ్లలో దీపాలు ఆర్పేస్తారు. అందరూ నావైపే చూస్తూ, కదలకుండా వింటారు. ఆ రోజు బిక్కమొహం వేసుకుని జనం వీపులు చూస్తూ వాయించిన పిల్ల కోరుకున్నది సరిగ్గా ఇదే. పిచ్చిది, అప్పుడు తనకేం దొరికిందో దానికి తెలియలేదు. నా వాయింపు వినగానే ఎవరో వస్తున్నారని నమ్మి, లేచి నిలబడి తలుపు వైపు చూసిన మనుషులు నాకు మళ్లీ ఏ ఊళ్లోనూ కనబడలేదు.