పేరు కత్తిరించిన మాత్రలు

ఉల్లిపాయలు, అదే మా వైపు ఎర్రగడ్డలు, అమ్మే ఆటోల మైకులో వినిపించే గొంతు నాది. కల్లూరు వీధుల్లో పొద్దున్నే "మంచి ఎర్రగడ్డలు, రాండమ్మా రాండి" అని అందరినీ విసిగించేది నేనే. అడిగినవాళ్లకు రికార్డు చేసి ఇస్తాను. అదే నా బతుకుదెరువు.

పోయిన ఎండాకాలం ఆ గొంతు బొంగురుపోయింది. ఫోనులో వెతికితే ఒకాయన కరక్కాయ బుగ్గన పెట్టుకోమన్నాడు. ఇంకొకాయన అది దండగని చెప్పి తన సిరప్ కొనమన్నాడు. అందరూ అంత ధీమాగా చెబుతుంటే ఎవరిని నమ్మాలో తెలియక నాకు ఒళ్లు మండింది. మునుపైతే ఏ మందైనా మా ఆవిడే అట్ట మీద పేరు, తేదీ చదివి ఇచ్చేది. ఆమె పోయి మూడేళ్లయింది.

చివరికి వీధి చివరి మందుల షాపుకు పోయాను. అక్కడ షీటు మొత్తం ఇవ్వరు. షాపతను కత్తెరతో ఆరు మాత్రలు కత్తిరించి చేతిలో పెట్టాడు.

"పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. శానా మందికి ఇస్తాండా, ఏం కాదులేన్నా."

రెండో రోజుకే గొంతు ఖంగుమంది. నా తెలివికి నేనే మురిసిపోయి ఒక్కరోజే ఎనిమిది ఆటోలకు అరిచాను. మర్నాడు నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. నిజంగా భయమేసింది.

గొంతు డాక్టరమ్మ దగ్గరికి పోతే, నా దగ్గరున్న మాత్రల షీటు ఖాళీ ముక్కను అటూ ఇటూ తిప్పింది. "పేరు యాడుండాది దీంట్లో?"

పేరున్న కొస ఇంకెవరి జేబులోకో పోయింది.

"వాపు అణిచే మందేమో. బాగయిందనుకొని అరిచినారు, లోపల రక్తం చేరింది. పది రోజులు మాటే వద్దు. గుసగుసలు కూడా గొంతుకు బరువే. మిమ్మల్ని మాట్లాడించొద్దని ఇంట్లోవాళ్లకు చెప్పండి."

ఇంట్లోవాళ్లు! సరేనని తల ఊపి వచ్చేశాను.

దారిలో రాసి చూపించడానికి పలక కొన్నాను. ఐదు రోజులైనా దాని మీద ఒక్క అక్షరం పడలేదు. నేను మాట్లాడటం లేదని వీధిలో ఎవరికీ తెలియనే లేదు. గొంతు పోయినదానికంటే అదే ఎక్కువ బాధ పెట్టింది.

ఆరో రోజు ఎర్రగడ్డల ఆటో వచ్చింది. తోలేది కొత్త మనిషి. కిలో కావాలని వేలు చూపించాను.

"ఏమప్పా, మాట రాదా?"

అతని నెత్తి మీద మైకులో నా గొంతు "రాండమ్మా రాండి" అని పిలుస్తూనే ఉంది. పలక ఇంట్లోనే ఉంది, తేవాలనిపించలేదు. రాదని తల అడ్డంగా ఆడించాను.

"అయ్యో పాపం" అని ఇంకో రెండు గడ్డలు నా సంచిలో వేసి, ఆటో ముందుకు పోనిచ్చాడు. నా గొంతు పక్క వీధిలోకి తిరిగేదాకా నేను వాకిట్లోనే నిలబడ్డాను.