కోన్లు అయిపోయిన రోజు

గోరింటాకు కోను కొన కత్తిరించగానే ముందు నీలగిరి నూనె వాసన ముక్కుకు తగులుతుంది. ఆ వెనక తడిసిన ఆకు వాసన వస్తుంది. ఈ పొద్దున నేను కోన్లు చుట్టి సొరుగులో సర్దుతుంటే అంగట్లోకి ఒక జంట వచ్చింది. అమ్మాయి కుర్చీలో కూర్చుంది. అబ్బాయి వెనక నిలబడి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "నా పేరు టాటూ వెయ్యాలక్కా. చేతి మీద, అందురికీ కనపడేతట్టు" అన్నాడు. ఆ అమ్మాయి అద్దంలో అతని ముఖం చూస్తోంది తప్ప తన చెయ్యి చూసుకోవడం లేదు. నాకు అనుమానం వచ్చింది. ఈ అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. తిప్పన్న దగ్గర జీతానికి చేరి నేర్చుకున్నాను.

తిప్పన్న మా నాన్న ఈడువాడు. పేరులోనే అన్న ఉంది కాబట్టి చిన్నా పెద్దా అందరికీ ఆయన తిప్పన్నే. కర్నూలు పాతబస్తీ సందులో ఈ అంగడి అప్పుడు ఆయనది. బోర్డు మీద ఒక పక్క 'చెవులు, ముక్కు కుట్టబడును' అని పాత అక్షరాలు, ఇంకో పక్క 'టాటూలు వేయబడును' అని కొత్త రంగు. నాన్న బదిలీ మీద మేము కడప నుంచి వచ్చిన కొత్తలో, డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న నన్ను గోరింటాకు పెట్టే పనికి తీసుకున్నాడు. తీసుకునే ముందు నా చేత నా పేరు రకరకాలుగా రాయించి చూసి, "నిన్నెవురన్నా వేరే అంగడోళ్ళు పంపినారా?" అని అడిగాడు. సరదాకు అడిగాడనుకున్నాను. సరదా కాదని వారం తిరక్కముందే తెలిసింది. టీ కొట్టతను చక్కెర కాస్త ఎక్కువ వేస్తే, "వీనికి నాతో ఏదో పనుండాది" అనేవాడు. అంగడికి తాళం వేసి సందు చివరిదాకా పోయి, మళ్ళీ వెనక్కి వచ్చి లాగి చూసేవాడు. ఫోటో అంటే ఆమడ దూరం పోయేవాడు.

ఆయన కుడి ముక్కుకు రంధ్రం ఉండేది. మీసాలున్న మనిషికి ముక్కు కుట్టి ఉండడం చూసి కాలేజీ పిల్లలు కొత్త ఫ్యాషననుకునేవాళ్ళు. ఆ రంధ్రంలో ఎప్పుడూ సన్నని వేపపుల్ల ఒకటి పెట్టుకునేవాడు. ఒక మధ్యాహ్నం అడిగేశాను. ఆయనకు ముందు పుట్టిన పిల్లలెవరూ వాళ్ళమ్మకు దక్కలేదట. ఈయన పుట్టగానే చేటలో పడుకోబెట్టి ఊరి తిప్ప మీద, అంటే చెత్తకుప్ప మీద, పెట్టి వచ్చారట. పక్కింటి ఖాదర్‌బీ ఏమీ ఎరగనట్టు పోయి, "ఎవురి బిడ్డో, నాకు దొరికినాడు" అని ఎత్తుకుందట. వాళ్ళమ్మ చేటెడు తవుడు పోసి ఆమె దగ్గర తన బిడ్డను తాను కొనుక్కుందట. తిప్ప మీద దొరికాడు కాబట్టి తిప్పన్న. ఆడపిల్ల అనుకుని మృత్యువు దాటిపోవాలని ముక్కు కుట్టించారు.

"ఇన్నేండ్లయింది కదా, ఇంకా పుల్లెందుకు?" అన్నాను.

"మూసుకుంటే గుర్తుపడ్తాడు పాపా," అన్నాడు తిప్పన్న, గడప వైపు చూస్తూ. "యముణ్ణి మోసం చేసినోళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకోవాల."

ఇట్లాంటి మనిషి టాటూ కోసం వచ్చిన వాళ్ళను నమ్ముతాడా? ఎవరు ఏ పేరు అడిగినా, ఏ బొమ్మ అడిగినా ముందు గోరింటాకు కోనుతో వేసి పంపేవాడు. "నిజం నిలకడ మీద తెలుస్తాదంటారు. ఇది చెరిగిపోయినాక నీకు బాధయితే రా, సూదితో ఏస్తా. బాధ గాకుంటే రావద్దు" అనేవాడు. ఎక్కువమంది తిరిగి వచ్చేవాళ్ళు కాదు. ఒక ఎన్నికలప్పుడు, మెడలో పార్టీ కండువాతో ఒకతను వచ్చి తన నాయకుడి ముఖం గుండె మీద వెయ్యమన్నాడు. తిప్పన్న మామూలుగానే కోనుతో వేశాడు. అతను గొడవ చేశాడు. "ఏమప్పా, మా అన్న మీదనే నీకు అనుమానమా?" అన్నాడు. "మీ అన్న మీద గాదు నాయనా, నీ గుండె మీద" అని పంపేశాడు తిప్పన్న. ఆ గోరింటాకు ఇంకా ఎర్రగా ఉండగానే నాయకుడు పార్టీ మారాడు. ఆ మనిషి జిలేబీ పొట్లం పట్టుకుని వచ్చి తిప్పన్న కాళ్ళకు దండం పెట్టాడు. అతను పోయాక తిప్పన్న పొట్లం నా వైపు జరిపి, "నువ్వు తిను ముందు" అన్నాడు. నేను తిని కాసేపు బాగానే ఉన్నాక ఆయనా తిన్నాడు.

ఆయనను నేనూ అనుమానించకపోలేదు. వయసు మీద పడి చెయ్యి వణుకుతోందేమో, అది దాచడానికే ఈ గోరింటాకు నాటకమేమో అనుకున్నాను. ఆ అనుమానం తీర్చింది ఆదోని నుంచి వచ్చిన ఒక తల్లి. బిడ్డ పోయింది, ఆ బిడ్డ పేరు చేతి మీద కావాలంది. తిప్పన్న కోను ముట్టలేదు. కొత్త సూది తీసి, ఆమె ఎదుట కూర్చుని, గీత చెదరకుండా రాశాడు. ఆమె ఏడుస్తూనే ఉంది, చాచిన చెయ్యి మాత్రం కదపలేదు. ఆమె వెళ్ళాక "ఈమెను ఆపలేదేం?" అన్నాను. "ఆయమ్మకు అనుమానం ల్యా. నాకూ ల్యా" అన్నాడు.

మా అవ్వకు రెండు ముంజేతుల మీదా పచ్చబొట్లుండేవి. ఒక చేతి మీద తేలు, ఇంకో చేతి మీద తులసికోట. "సొమ్ములైతే దొంగలెత్తుకపోతారు, మొగుడు కుదవ పెడ్తాడు. సచ్చినాక మనెమ్మట వచ్చేది ఇదొకటే" అని అవ్వ చెప్పే మాటను నేను గొప్పగా తిప్పన్నకు చెప్పాను. ఆయన అంతా విని, "ఆయమ్మను అడిగే ఏసినారా?" అన్నాడు. ఎంత విడ్డూరపు మనిషి అనుకున్నాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. పండక్కి ఊరికి పోయినప్పుడు అవ్వనే అడిగాను. అవ్వ తన చేతులు చూసుకుంది. "అడిగేదేముండాది? పచ్చబొట్లామె వచ్చె. కాళ్ళు మా యమ్మ పట్టుకుండె, చేతులు మా అత్త పట్టుకుండె. నేను అరుస్తాంటే పాట పాడిరి" అంది. తర్వాత ఆ తేలు బొమ్మను బొటనవేలితో నిమిరి, "బాగుండాది లే" అంది. ఆ రెండూ నిజమే. అవ్వకు అదంటే ఇష్టమే. అవ్వను ఎవరూ అడగలేదన్నదీ నిజమే.

ఆ ఏడే నాకు పెళ్ళి కుదిరింది. అబ్బాయి పేరు మహేశ్. పులివెందులలో ఎరువుల అంగడి. చూడ్డానికి బాగుండేవాడు, మాటకారి. నిశ్చితార్థం అయిన దగ్గర్నుంచి ఫోన్లు మొదలయ్యాయి. యాడుండావు? ఎవురుండారు ఆడ? ఒక ఫోటో పంపు. నా మీద ప్రేమ ఎక్కువై అడుగుతున్నాడని మురిసిపోయాను. రెండు కుటుంబాలూ కలిసి గండికోటకు పోయినప్పుడు, పెన్నా లోయ చూడకుండా అతను బండి తాళంచెవితో కోట రాయి మీద మా పేర్లు చెక్కాడు. అక్కడప్పటికే ఎన్ని జంటల పేర్లున్నాయో! కొన్నింటిలో ఒక పేరు గీకేసి ఉంది. అది నేను చూశాను, అతనితో అనలేదు. "రాయి మీద ఏసినా కదా, ఇంక నీ మీద ఏసేది బాకీ. టాటూ అంగట్లో పనిచేస్తా ఉండి నా పేరు లేకుంటే నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు మహేశ్.

మర్నాడు నేనే పోయి తిప్పన్న ముందు కుర్చీలో కూర్చున్నాను. మణికట్టు చాచి, మహేశ్ అని వెయ్యమన్నాను.

"ఎవురడిగిరి?" అన్నాడు తిప్పన్న.

"నాకే కావాల."

ఆయన నా ముఖం చూశాడు, మణికట్టు చూశాడు. సొరుగు కొంచెం లాగి మూసేశాడు. "కోన్లు అయిపోయినాయి పాపా. పెన్నుతో రాస్తా" అన్నాడు. జేబులోంచి నీలం బాల్‌పెన్ను తీశాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ పొద్దున కోన్లు చుట్టింది నేనే. సొరుగులో వరుసగా పేర్చిందీ నేనే. ఊరందరికీ గోరింటాకు, నాకు మాత్రం బాల్‌పెన్నా? కానీ యజమాని అబద్ధమాడుతుంటే ముఖం మీద ఏమంటాం? ఆయన మాత్రం అక్షరాలు ముత్యాల్లా రాశాడు. ఇంటికొచ్చి అమ్మతో చెబితే, "ఆ ముసలాయనకేం పని? నీ పెండ్లి చెడగొట్టనీకె చూస్తాండాడేమో, జాగ్రత్త" అంది. నాకూ అదే అనుమానం. గోరింటాకు పెట్టే మనిషి వెళ్ళిపోతుందని ఆయన బాధ కావచ్చు. ఇంకేమైనా కావచ్చు. ఆ రాత్రి స్నానం చేసేటప్పుడు కూడా మణికట్టు తడవకుండా పైకెత్తి పట్టుకున్నాను.

రెండో రోజు మహేశ్ పనిమీద కర్నూలు వచ్చాడు. బస్టాండు దగ్గర హోటల్లో దోసెలు చెప్పి, నేను నా చెయ్యి ముందుకు చాచాను. అతని ముఖం వెలిగింది. ఆ వెలుగు చూసి నాకు ఎంత సంతోషమయిందో ఇప్పటికీ గుర్తుంది. తర్వాత అతను బొటనవేలు నాలుకకు తడుపుకుని నా మణికట్టు మీద రుద్దాడు. నీలం సాగింది.

"పెన్నా?" అన్నాడు. "అంటే, చెరిపేసుకోనీకెనా? ఎవుని కోసం?"

"కాదు, మా అంగట్లో ముందు ఇట్ల రాస్తారు, చెరిగినాక..." అని చెప్పబోయాను. అతను వినడం లేదు. రుద్దుతూనే ఉన్నాడు. పేరంతా పోయింది. అయినా ఆ వేలు ఆగలేదు. ఇంకో చేత్తో నా ముంజేయి గట్టిగా పట్టుకుని, చర్మం ఎర్రగా కందిపోయేదాకా రుద్దాడు. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. దోసెలు తెచ్చిన మనిషి బల్ల దగ్గరే నిలబడిపోయాడు. నాకు నొప్పి కంటే భయం ఎక్కువ వేసింది. రాసి రెండు రోజులు కాని పెన్ను గీతకే ఇంత చేస్తే, పెళ్ళయ్యాక నేను ఆలస్యంగా ఇంటికి వస్తే ఏం చేస్తాడు? చెయ్యి లాక్కుని లేచి వచ్చేశాను.

పెళ్ళి వద్దన్నాను. చెప్పడం తేలిక, నిలబడడం కష్టం. బంధువులంతా నన్నే అనుమానించారు. "ఊరికే వద్దంటాదా? ఏదో ఉండాది" అన్నారు. నాన్న మాత్రం నా మణికట్టు మీద కందిన మచ్చ చూసి, ఇంకేమీ అడగకుండా, "నేను పోయి చెప్పొస్తా" అని చెప్పులేసుకున్నాడు. మళ్ళీ పనికి పోయిన రోజు తిప్పన్నను నిలదీశాను. "ఆ పొద్దు కోన్లు సొరుగులోనే ఉన్నాయి కదా?"

"ఉన్న్యాయా?" అన్నాడు, సూదులు తుడుచుకుంటూ. "నేను చూడల్యా."

ఆయన చూపు ఎంత నిశితమో నాకు తెలుసు. తాళం పడిందో లేదోనని సందు చివరి నుంచి వెనక్కి వచ్చి చూసే మనిషికి చేతికింది కోన్లు కనపడలేదా? చాలా ఏళ్ళు ఆయన దగ్గరే పనిచేశాను. సూది పట్టడం నేర్చుకున్నాను. చెవులు కుట్టేటప్పుడు ఏడ్చే పసిపిల్లల ఎదుట ఆయన ముఖం చిన్నబోవడం చూశాను. "వీళ్ళను అడిగితే ఏం చెప్తారు పాపా, మాటలే రావు" అనేవాడు, తప్పంతా తనదే అయినట్టు.

పోయిన ఎండాకాలం ఆయన మంచాన పడ్డాడు. చూడ్డానికి పోతే ముక్కులో వేపపుల్ల లేదు. వాళ్ళావిడను అడిగితే ఆయనే తీసేశాడంది. "ఇంక చాల్లే పాపా, గుర్తుపట్టనీ" అన్నాడు తిప్పన్న. తర్వాత తానే చెప్పాడు. "మా యమ్మది ప్రేమే. కాదంటే నోరు పడిపోతాది. తవుడు పోసి కొనుక్కున్నాది నన్ను. ఊరంతా నవ్వినా ఈ రంధ్రం మూసుకోనియ్యల్యా నేను. అయినా ఎవురన్నా ఒకసారి అడిగింటే బాగుండు అనిపిస్తాది." ఇదే ఆఖరు అవకాశమనిపించి, ఆ కోన్ల సంగతి మళ్ళీ అడిగాను. మూసిన కళ్ళు మూసినట్టే ఉంచి నవ్వాడు. "నేను చూడల్యా పాపా, నిజంగా" అన్నాడు. ఆ 'నిజంగా' అన్న మాటతో నా అనుమానం మరింత గట్టిపడింది. ఆయన పోయిన రోజు, నా సొంత తండ్రి పోయినట్టే ఏడ్చాను.

ఈ అంగడి ఇప్పుడు నాది. కుర్చీలో కూర్చున్న అమ్మాయిని అద్దంలో కాకుండా నేరుగా నా వైపు తిరగమన్నాను. "నీకు కావాల్నా?" అని అడిగాను. ఆమె నోరు తెరిచేలోపే వెనక నుంచి అబ్బాయి, "కావాలక్కా, తనకే శానా ఇష్టం" అన్నాడు. మంచివాడే కావచ్చు. నాకేం తెలుసు? అతని కుడిచేతి బొటనవేలు ఆమె భుజం మీద అటూ ఇటూ కదులుతోంది. నేను సొరుగు లాగాను. పొద్దున చుట్టిన కోన్లు వరుసగా ఉన్నాయి, నీలగిరి నూనె వాసన గుప్పుమంది.

సొరుగు మూసి, నీలం పెన్ను తీశాను.

"కోన్లు అయిపోయినాయమ్మా," అన్నాను.