డెక్ మీద వడియాలు, కప్పు మీద నీడ

కెనడాలోని ఓక్‌విల్‌లో మా ఇంటి వెనక చెక్క అరుగులాంటి డెక్ మీద ప్రతి జూలైలోనూ వడియాలు పెడతాను. ఇక్కడి ఎండను నమ్ముకుని ఆ పనికి దిగడం సాహసమేనని నాకూ తెలుసు. అందుకే పాత చీర పరిచి, ఎండ ఎటు జరిగితే అటు లాగుతూ రోజంతా కాపలా కాస్తాను. మా ఆయన రిటైరైన ఇంజనీరు. ఆయనకు ఇదంతా చోద్యం.

కాలేజీల కోసం మన పిల్లలు విమానాల నిండా దిగిన ఆ ఏళ్ళలో, మా బేస్‌మెంట్‌లోకి తెలంగాణ నుంచి ఒకమ్మాయి అద్దెకు వచ్చింది. ఎనర్జీ కోర్సు చదువుతూ, ఇళ్ళ కప్పుల మీద సోలార్ ప్యానెళ్ళు బిగించే చిన్న కంపెనీలో, కోర్సులో భాగంగా నాలుగు నెలలు చేయాల్సిన కో-ఆప్ ఉద్యోగం సంపాదించింది. ఆ నాలుగు నెలలూ పూర్తయ్యాక బాస్ సంతకం పెడితేనే ఆమె కోర్సు గట్టెక్కుతుంది.

మా ఆయన ముచ్చటపడి మా ఇంటికే ప్యానెళ్ళు పెట్టమన్నారు. ఆ పిల్ల తెచ్చిన మొదటి ఆర్డర్ అది. కంపెనీవాళ్ళు గడప తొక్కకుండానే, ఉపగ్రహం తీసిన ఫోటో చూసి డ్రాయింగ్ పంపారు. వెనక కప్పు నిండా పదహారు ప్యానెళ్ళు. మన వంతు పొగ మనమే తగ్గించాలంటూ మా ఆయన ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఉపన్యాసమిచ్చారు.

ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు రోజు ఆ పిల్ల డెక్ మీదకి వచ్చింది. నేను చీర లాగుతున్నాను.

"ఎందుకు జరుపుతున్నరు ఆంటీ?"

"మూడయ్యేసరికి పక్కింటి స్ప్రూస్ చెట్టు నీడ పడిపోతుందమ్మా. ఇదివరకు అది ఇంత ఎత్తు లేదు. సాయంత్రం దాకా ఒక్కచోటే ఆరేవి."

ఆమె చెట్టు వైపు చూసింది, కప్పు వైపు చూసింది. ల్యాప్‌టాప్ తెచ్చుకుని నా వడియాల పక్కనే చతికిలబడింది. గంటకి విషయం తేల్చింది. కంపెనీ చూసిన ఫోటో పాతది, చెట్టు ఇంత పెరగకముందుది. ఎండాకాలంలో డెక్ మీదే ఆగే నీడ, చలికాలం సూర్యుడు కిందికి దిగితే కప్పు మీదకి ఎక్కుతుంది. ఆ చెట్టు ఆకులు కూడా రాల్చదు. సగం ప్యానెళ్ళకి మధ్యాహ్నమంతా ఎండే తగలదు.

వెంటనే బాస్‌కి ఫోన్ చేసి చెప్పింది. డ్రాయింగ్ వేసింది ఆయనే. నేర్చుకోవడానికి వచ్చినదానివి, నీ పని నువ్వు చూసుకో అన్నాడట. పిల్ల ముఖం పాలిపోయింది.

"నాకేం అభ్యంతరం లేదమ్మా, పదహారూ పెట్టించేస్తాను. నువ్వు ఊరుకో, నీ కోర్సు చూసుకో," అన్నారు మా ఆయన. నేనూ తలూపాను. ఆ నిమిషంలో ఆ పిల్ల గట్టెక్కితే చాలనిపించింది.

"వద్దంకుల్. మా ఇంటి దగ్గర్నే థర్మల్ ప్లాంట్ ఉంటది. మా అమ్మ మేడ మీద ఏం ఆరబెట్టినా బూడిద పడుతది. అందుకే ఈ కోర్స్ తీసుకున్న. నీడల పెట్టిన ప్యానెల్ ఒక్క బొగ్గు ముక్కను గూడ ఆపది. పెట్టినమని చెప్పుకునుడే అయితది."

మర్నాడు మా సంతకం ఆపించి, గంట గంటకీ నీడ ఫోటోలు తీసి, లెక్కలతో సహా బాస్‌కి మెయిల్ పంపింది. మూడు రోజులు జవాబు లేదు. ఆ మూడు రోజులూ ఆ పిల్ల అన్నం కెలికి లేచిపోయింది. నాకు ఆ బాస్ మీద ఒళ్ళు మండిపోయింది.

నాలుగో రోజు రెండున్నరకి ఆయనే వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. మూడు దాకా డెక్ మీద నిలబడి నీడ రావడం చూశాడు. డ్రాయింగ్‌లో ఎనిమిది ప్యానెళ్ళు కొట్టేసి, ఇకమీదట ఏ ఇంటికైనా డ్రాయింగ్ వేసే ముందు నువ్వే వెళ్ళి చూడాలని ఆమెతో చెప్పాడు. ఆమె "ఓకే" అని మామూలుగానే అంది. ఆయన కారు మలుపు తిరిగాక నా భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. ఆ పిల్లని చూసి నాకెంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

ఆమె కిందికి వెళ్ళాక మా ఆయన ఆ కొట్టేసిన డ్రాయింగ్ చేతిలోకి తీసుకున్నారు.

"డిజైన్ తప్పని తెలిసీ నేను సర్వీసులో రెండుసార్లు సంతకం పెట్టాను. ఉద్యోగం పోతుందని," అన్నారు.

నలభై ఏళ్ళ కాపురంలో నాకెప్పుడూ చెప్పని మాట అది. ఆ రెండూ ఏమిటని నేను అడగలేదు.