బాపు కారులో మూడో సిలిండర్

చేతికి సర్టిఫికెట్ వస్తే పని కూడా వచ్చినట్టేనని నమ్మే వయసొకటి ఉంటుంది. ఆ రోజుల్లో నేను నిజామాబాద్‌లో ఐటీఐ డీజిల్ మెకానిక్ పూర్తిచేసి, బోధన్‌లో ఇరుగుపొరుగు చేత 'ఇంజనీరు సాబ్' అనిపించుకుంటూ తిరిగేవాణ్ణి. నిజం చెప్పాలంటే మా ఐటీఐలో ఉన్న ఇంజిన్‌ను లోపలి భాగాలు కనిపించేలా నిలువునా కోసి, ఎరుపూ పచ్చా రంగులు వేసి బల్ల మీద నిలబెట్టారు. (అది తిరగదు, మొరాయించదు, చేతికి మసి అంటనివ్వదు. మహా మర్యాదస్తురాలు.) మా బాపుది (నాన్నను మేం అలాగే పిలుస్తాం) కిరాయిలకు తిప్పే పాత డీజిల్ కారు. ఏడాదిగా నాలుగు సిలిండర్లలో మూడింటి మీదే నడుస్తోంది. ఎక్కినవాళ్లు దిగాక కూడా కాసేపు ఊగుతూ నడిచేవారు. చక్కెర ఫ్యాక్టరీ పొగ తర్వాత బోధన్‌లో చెప్పుకోదగ్గ పొగ మా కారుదేనని ఊళ్లో పరాచికం. "ఒక సిలిండర్ పండుకున్నట్టుందిరా, జర సూడు" అని బాపు వారానికోసారి అడిగేవాడు. "ఆదివారం సూస్త బాపూ" అనేవాణ్ణి. భయం! విప్పి బిగించలేకపోతే నా పరువేం కావాలి? అలా ఎన్ని ఆదివారాలు దాటించానో లెక్కలేదు. చివరికి ఒక సోమవారం పొద్దున, చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే గుండె ఆగి, బాపే పోయాడు.

మూడోనాడు పిట్టకు పెట్టాం. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, ఆకులో పెట్టి, దూరంగా నిలబడటం మా వైపు ఆచారం. కాకి వచ్చి ముడితే ఆ మనిషికి ఏ కోరికా మిగల్లేదని అర్థం. ఆ రోజు కాకులు కరెంటు తీగ మీద వరసగా కూర్చున్నాయి గానీ ఒక్కటీ దిగలేదు. కోడికూర పెట్టాం, కల్లు పోశాం, బీడీకట్ట కూడా పక్కన పెట్టాం. ఎండ నెత్తికెక్కింది. మా మేనమామ చేతులు జోడించి, "బావా, అక్కను మంచిగ సూసుకుంటం, ముట్టు" అని బతిమాలాడు. లాభం లేదు. అప్పుడు మా అవ్వ (మా దగ్గర అమ్మను అవ్వ అనే అంటాం) ఏడుస్తూనే నా వైపు తిరిగి, "గా కారు ముచ్చటనేరా. యాడాది సంది నిన్నే అడిగె" అంది. అందరూ నన్నే చూశారు. ఆ క్షణాన భూమి నోరు తెరిస్తే దూకేసేవాణ్ణి. "బాపూ, కారు నేనే బాగు జేస్త. గా కార్లనే నిన్ను కందకుర్తికి తీస్కపోత" అన్నాను. మా వాళ్లు అస్థికలు కలిపేది అక్కడే, గోదావరీ మంజీరా కలిసే చోట. నా మాట ఇంకా పూర్తికాలేదు, ఒక ముసలి కాకి దిగి కోడికాలు ఎత్తుకుపోయింది. "మాటిచ్చినవ్ అల్లుడా. తొమ్మిదోనాడు బయలెల్లాలె" అన్నాడు మామ.

ఇక తప్పించుకునే దారి లేదు. ఇంజిన్ స్టార్ట్ చేసి, పుస్తకంలో చదివినట్టే సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల పైపుల నట్లు ఒక్కొక్కటీ వదులు చేశాను. బాగున్న సిలిండర్‌కు డీజిల్ ఆపితే ఇంజిన్ తడబడాలి. మొదటిదానికి తడబడింది, రెండోదానికి ఆగబోయింది, మూడోదానికి చీమ కుట్టినట్టయినా లేదు. దొంగ దొరికాడు! ఆ ఇంజెక్టర్‌ను ఊడదీసి, తెల్లగుడ్డలో చుట్టి, నిజామాబాద్ బస్సెక్కాను. భుజం మీద కర్మ చేసేవాడి తువ్వాల, మొహాన ఏడుపు, ఒళ్లో తెల్లమూట. అస్థికలనుకుని కిటికీ పక్క సీటిచ్చారు. ఒక ముసలమ్మయితే మూటకు దండమే పెట్టింది. అందులో ఉన్నది ఇంజెక్టరని చెప్పడానికి నాకు నోరు రాలేదు. డీజిల్ కారి నా పంచె తడిసింది. ఆమె ముక్కు ఎగబీల్చిందే గానీ జోడించిన చేతులు దించలేదు.

ఇంజెక్టర్లు పరీక్షించే దుకాణం డ్రైవర్లంతా చాచా అని పిలిచే పెద్దాయనది. ఆయన దాన్ని చేతి పంపుకు బిగించి నొక్కాడు. సన్నటి తుంపరలా చిమ్మాల్సింది జలుబు చేసిన ముక్కులా కారింది. కొత్త నాజిల్ వేసి ఇస్తూ, "బేటా, దీని కింద రాగి వాషర్ ఉంటది. పాతది లోపల్నే అతుక్కపోతది. తీసినవా?" అని అడిగాడు. రంగుల ఇంజిన్‌లో అలాంటిది చూసిన గుర్తే లేదు నాకు. "తీసిన చాచా" అన్నాను. (తెలియదంటే ఐటీఐ పరువు పోదూ?) ఇంటికొచ్చి పాతదాని మీదే ఆయనిచ్చిన కొత్త వాషర్ వేసి బిగించాను. ఇంజిన్ బుస్సు బుస్సుమంది. "కొత్త సామాను గదా, కుదురుకోవాలె" అని అందరికీ గంభీరంగా చెప్పాను.

తొమ్మిదోనాడు బయల్దేరాం. నా పక్కన మామ, వెనక ఒళ్లో అస్థికల కుండతో అవ్వ. రెంజల్ దాటేసరికి పొగ కారు వెనక నుంచి కాదు, లోపలికే వచ్చింది. మామ దగ్గుతూ దిగి, "నీ సదువు తగలెయ్య! ఆటో పిలుస్త" అన్నాడు. ఆటోలో పోతే నా మాట అక్కడే చచ్చినట్టు. "ఆగు తమ్మీ. వాన్ని జెయ్యనియ్యి" అని అవ్వ చెరుకుచేను గట్టు మీద కుండ పట్టుకుని కూర్చుంది. వేళ్లు కాలుతున్నా ఇంజెక్టర్ ఊడదీసి లోపలికి టార్చి వేశాను. అడుగున నల్లగా మాడి, పాత వాషర్! దాని మీద కొత్తది సరిగా కూర్చోక ఆ సందులోంచే పొగ తన్నుతోంది. వంచిన కమ్మితో గీకి గీకి బయటికి లాగాను. మళ్లీ బిగించి స్టార్ట్ చేస్తే నాలుగు సిలిండర్లూ ఒక్క తీరుగా మోగాయి. మామ గడియారం చూసి, "ముప్పావు గంట" అన్నాడు. అది విని నాకు ఏడుపు ఆగలేదు. ఏడాదిలో బాపుకు నేను ఇవ్వలేకపోయింది ఆ ముప్పావు గంటే. కందకుర్తిలో సబ్బు పెట్టి రుద్దినా మసి పోలేదు. ఆ నల్లచేతులతోనే బాపును నీళ్లలో కలిపాను.

దినాలయ్యాక చాచా దగ్గరికి పోయి, నేనెవరి కొడుకునో చెప్పి, అబద్ధం ఒప్పుకున్నాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "మీ బాపు పోయినేడే కారు నా దగ్గరికి తెచ్చిండు బేటా. మూడోదే ఖరాబైందని ఆయనకు ఎర్కే. ఒక్క గంటల జేసిస్తనన్న. వద్దన్నడు. 'మా పోరడు గదే సదువుతుండు చాచా, మొదటి చెయ్యి మా కారు మీదనే పడనీ' అని మలుపుకొని పోయిండు" అన్నాడు.

ఇప్పుడు నిజామాబాద్ కంఠేశ్వర్‌లో నాకో షెడ్డుంది. వైరు తగిలిస్తే ఏ ఇంజెక్టర్ చెడిందో కంప్యూటరే చెబుతుంది. పాలిటెక్నిక్ చదివే మా బిడ్డ నా మోటార్ సైకిల్ చైను తానే బిగిస్తానని మూడు నెలలుగా అంటోంది. షెడ్డు నిండా పానాలే, పది నిమిషాల పని. చైను టకటక కొట్టుకుంటుంటే అలాగే తిరుగుతున్నాను. "మెకానిక్ బండే గిట్లుంటే ఎట్లన్నా?" అని గిరాకీలు నవ్వుతారు. నేనూ వాళ్లతోపాటు నవ్వేసి, కిక్కు కొట్టి పోతుంటాను.