నూకాలమ్మ గచ్చు

మా అత్త నూకాలమ్మకి దేవుడి మీద కంటే తన గచ్చు మీద నమ్మకం ఎక్కువ. బర్మామైన్స్‌లో ఉక్కు ప్లాంటు పక్క కార్మికుల బస్తీ మాది; మా రెండు గదుల ఇంట్లో, వంటింటి మూల మూడడుగుల ఎర్రగచ్చు అది. ముగ్గురు పిల్లల్నీ అక్కడే, డాక్టరూ మంత్రసానీ లేకుండా తనంతట తనే కన్నానని నలభై ఏళ్లుగా చెబుతోంది. అప్పటికి ఈ సందులో వేరే ఇళ్లు లేవు, కాదనడానికి సాక్షులూ లేరు. తర్వాత ఆవిడే సందులో సగం మందికి పురుళ్లు పోసింది. దాంతో కడుపుతో ఉన్న ప్రతి ఆడదీ ఏడో నెలలో మా వంటింటికి వచ్చేది. హిందువులైతే ఆ మూలకి పసుపు రాసేవాళ్లు, క్రైస్తవులైతే కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేవాళ్లు. నేను పక్కనే పోపు వేసుకుంటూ దగ్గేదాన్ని.

మా ఆయన గోవిందరావు ఎడమ కణత మీద చిన్న సొట్ట ఉంది. అన్నం వారుస్తుండగా నొప్పులొచ్చి, అత్త చెయ్యి చాపేలోపే బిడ్డ గచ్చుమీద పడ్డాడని కథ. ఆయన దాన్ని ప్లాంటులో ప్రతి కొత్త ఫోర్‌మన్‌కీ చూపించి, గచ్చయినా పగలాలి గానీ తన బుర్ర పగలదని చెప్పుకుంటాడు. ఆ మాట మాత్రం నిజమేనని ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో నాకు రుజువైంది.

ఈ వైభవంలో నాకు దక్కింది ఒక బిరుదు. అర్పిత పుట్టేటప్పుడు నొప్పులు మొదలైన గంటకే అత్త నా పొట్ట తడిమి చూసి, రిక్షా పిలిపించి ఆసుపత్రికి తోలేసింది. సందులో మాత్రం మా కోడలివి అటుకుల ఎముకలు, గచ్చుమీద కనలేదని చెప్పింది. అంతే, ఇరవై ఆరేళ్లుగా నేను అటుకుల కోడల్ని. కుళాయి దగ్గర బిందె ఎత్తబోతే ఎవరో ఒకరు "వద్దమ్మా, ఇరిగిపోతావు" అని పళ్లికిలిస్తారు.

ఆ అర్పితే ఇప్పుడు పురిటికి వచ్చింది, వెంట ఒక డూలాని తెచ్చుకుంది. డూలా పురుడు పోయదట. పక్కన కూర్చుని ధైర్యం చెబుతుందట, నడుం నిమురుతుందట. ఈవిడ బెంగళూరులో కూర్చుని ఫోన్‌లో నిమురుతుంది. నీళ్ల తొట్టి, మసక వెలుతురు, సన్నటి సంగీతం సిద్ధం చేసుకోమంది. మా కుళాయి రోజుకి గంటసేపు వస్తుంది. ఆ తొట్టి నిండేసరికి బిడ్డ బడికెళుతుందని నేనన్నాను.

తొమ్మిదో నెలలో డాక్టరమ్మకి చూపించాం. బీపీ చూసింది, మూత్రపరీక్ష కాగితం చూసింది, ఈరోజే చేరాలంది. ఆలస్యమైతే ఫిట్స్ రావచ్చు, తల్లీబిడ్డలిద్దరికీ ముప్పేనంది. ఆపరేషన్ కావచ్చన్న మాట చెవిన పడగానే మా పిల్ల బట్టలు తెచ్చుకుంటానని చెప్పి, ఇంటికొచ్చి గచ్చుమీద బైఠాయించింది. డూలాకి ఫోన్ చేస్తే ఆవిడా అదే మాట అంది. తను ధైర్యం చెప్పగలదు గానీ బీపీ తగ్గించలేదు, వెంటనే వెళ్లమంది. అర్పిత ఫోన్ కట్టేసింది.

"నానమ్మ నే యహీ కియా థా. మై భీ యహీ కరూంగీ" అంది. ఈ హిందీ ఊళ్లో పెరిగిన పిల్ల, మా ఇంట్లో తెలుగులో తిడితే హిందీలో జవాబొస్తుంది. నానమ్మ ఇక్కడే కన్నది, నేనూ ఇక్కడే కంటానని దాని పట్టు.

తిట్టాను, ఏడ్చాను. అల్లుడు శివశంకర్ డ్యూటీ వదిలి వచ్చి బతిమాలాడు. మా ఆయన సొట్ట నిమురుకుంటూ "మా యమ్మ సెయ్యి పడితే ఏటీ అవదు" అన్నాడు. రెండో కణతకీ ఒక సొట్ట పెడదామనిపించింది.

అత్త వచ్చి అర్పిత పాదం మీద బొటనవేలితో నొక్కింది. పడిన గుంట పూడలేదు.

"తలనొప్పేటే?"

"హా."

"కళ్లముందు మెరుపుల్లాంటివేటైనా?"

"థోడా థోడా."

అత్త కర్ర పక్కన పెట్టింది. మోకాళ్లు పట్టుకుని మెల్లగా మనవరాలి పక్కన కూలబడింది.

"ఓలమ్మీ, ఇక్కడ నాను ఎవుల్నీ కన్లేదే. ముగ్గురూ ఆసుపత్రిలోనే పుట్టేరు. మీ నాన్నప్పుడు రెండ్రోజులు గింజుకున్నాను. ఆకరికి డాక్టరు పట్టకారేసి లాగీసేడు. ఆ సొట్ట పట్టకారుదే."

మా ఆయన చెయ్యి కణత మీదే ఉండిపోయింది. "అమ్మా, ప్లాంటంతా సెప్పీసేనే!"

అత్త ఆయన వైపు చూడలేదు. పెళ్లయిన కొత్తలో ఆసుపత్రి కాన్పుల వార్డులో ఆయాగా చేసిందట, చూసి నేర్చుకుందట. "పక్కింటి బాలకుమారి తొలిచూలప్పుడు అది బయపడి సచ్చిపోతంటే, దైర్నానికి నానూ ఇక్కడే కన్నానన్నాను. ఆ యబద్దం నాకంటే పెద్దదైపోనాది."

"మరి నా ఎముకలు?" అన్నాను. ఆ సమయంలో అడగాల్సిన ప్రశ్న కాదు. నోరాగలేదు.

"నీ కడుపులో ఇది అడ్డం తిరిగున్నాది. సెయ్యి పెట్టగానే తెలిసింది. ఆసుపత్రికి తోలాలంటే సందుకి ఏటో ఒకటి సెప్పాలి కదేటే?"

అప్పుడు గుర్తొచ్చింది. ఈవిడ ఒకర్ని గ్రహం బాగోలేదని ఆసుపత్రికి పంపింది, ఇంకొకర్ని దిక్కు మంచిది కాదని పంపింది. పంపాల్సినవాళ్లని ఒక్కర్నీ ఆపలేదు. మెచ్చుకోవాలని తెలుస్తూనే ఉంది, కానీ ఒళ్లు మండిపోయింది.

అర్పిత చెయ్యి చాపి వాళ్ల నాన్న సొట్టని వేలితో తడిమింది. తర్వాత నానమ్మ భుజం పట్టుకుని లేచి "చలో" అంది.

సాయంత్రానికి ఆపరేషన్ చేశారు. లోపలికి తీసుకెళ్లేవరకూ ఒక్కరు తోడుండొచ్చన్నారు. నేను చెప్పులు విప్పేలోపే అది నానమ్మని పిలిచింది. కన్నతల్లిని నేనుండగా! నిజం చెబుతున్నాను, కళ్లలో నీళ్లు తిరిగాయి. తలుపు సందులోంచి చూస్తే ముసలామె నడుం నిమురుతూ ఏదో వాగుతోంది, పిల్ల నవ్వుతోంది. ఆడపిల్ల పుట్టింది. రెండున్నర కిలోలు, తల గుండ్రంగా, సొట్టా గిట్టా లేదు.

ఇంటికొచ్చిన మర్నాడు కుళాయి దగ్గర బాలకుమారి మొదలెట్టింది. "తల్లివీ అటుకులే, కూతురివీ అటుకులేనమ్మా."

ఆడవాళ్లంతా నవ్వారు. జవాబు నా నాలుక చివరనే ఉంది. గడప మీద అత్త కర్ర పట్టుకుని కూర్చునుంది. డెబ్బై నాలుగేళ్ల మనిషి, ఆ మూల తప్ప ఆవిడకి ఊళ్లో ఏముంది? మింగేశాను.

అత్తే లేచి వచ్చింది.

"బాలకుమారీ, మా కోడలు కల్యాణి ఎముకలు ఇనుమే. నాయే అటుకులు. ముగ్గుర్నీ ఆసుపత్రిలోనే కన్నాను."

 బాలకుమారి ముందుకొచ్చింది. "మరి ఆ గచ్చుమీద పుట్టింది ఎవులు పెద్దమ్మా?"

"మా మేకకి రెండు పిల్లలు."

నలభై ఏళ్ల పసుపూ ప్రార్థనలూ ఆ సందులో ఒక్కసారిగా నేలకి దిగాయి. కుళాయి కింద నా బిందె నిండి పొర్లిపోతోంది.

"ఎత్తే, కల్యాణీ" అంది అత్త.

ఎత్తి నడుం మీద పెట్టుకున్నాను. ఎవ్వరూ వద్దనలేదు.