వెనక బెంచీ నుంచి చూసిన పాఠం

నౌపడకి దగ్గర్లో ఒక ఇంగ్లీషు మీడియం బడిలో నాలుగేళ్లు కోఆర్డినేటరుగా పనిచేశాను. టీచర్ల క్లాసులకి వెళ్లి, వెనక బెంచీలో కూర్చుని, పాఠం చూసి ఫారం నింపడం నా పని. వచ్చే ఏడాదికి ఎవరిని ఉంచాలో కరస్పాండెంటుగారు, అంటే బడి యజమాని, ఆ ఫారాలు చూసే తేల్చేవారు. అందుకని నేను కనిపించగానే టీచర్లు లేచి నిలబడేవారు. అబద్ధమెందుకు, నాకది ఇష్టంగానే ఉండేది.

ఏ రోజు ఎవరి క్లాసుకి వస్తానో వారం ముందే టీచర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టేవాణ్ణి. చెప్పకుండా వెళ్లి పట్టుకోవడం పోలీసుల పని అని నా అభిప్రాయం.

ఆ ఏడు ఆరో తరగతికి ఇంగ్లీషు చెప్పడానికి కొత్తగా ఒక అమ్మాయి చేరింది. వాళ్లది సముద్రం ఒడ్డు ఊరు. తండ్రి వేటకి వెళ్తాడు, తల్లి చేపలు అమ్ముతుంది. ఆ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది ఈమె ఒక్కతే. రెండు ఆటోలు మారి వచ్చినా ప్రార్థన గంటకి ముందే బడిలో ఉండేది.

ఫిబ్రవరిలో ఆమె క్లాసు చూశాను. బడి గేటు నుంచి రైల్వే స్టేషనుకి దారి ఎలాగో పిల్లల చేత ఇంగ్లీషులో చెప్పించడం ఆ రోజు పాఠం. ఒకడు మమ్మల్నందరినీ తిన్నగా ఉప్పుమళ్లలోకి నడిపించేశాడు. ఇంకొకడు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ఆమె కంగారుపడి, "ఒరే, ఎడం పక్కని ఏటున్నాది? సెప్పండ్రా" అంటూ తెలుగులోకి దిగిపోయింది. తన ప్రశ్నలకి తనే జవాబులు చెప్పేసుకుంది. జవాబులు రావడం లేదు, తెలుగు వాడుతున్నారు, తృప్తికరంగా లేదు అని రాసి సంతకం పెట్టాను. కింద 'సూచనలు' అని నాలుగు గీతలున్నాయి. గంట కొట్టేశారు, వాటిని ఖాళీగా వదిలేశాను.

పై వారం ఏడో తరగతి. ఆ టీచరు పాత మనిషి, నా ఫారాల్లో ఎప్పుడూ ఆవిడదే మొదటి స్థానం. ప్రశ్న అడగడం ఆలస్యం, చేతులు లేచేవి. ఆ రోజు ముందు వరసలో ఒక పాప లేచి జవాబు చెప్పి, ఊపిరి తీసుకోకుండా ఇంకా అడగని ప్రశ్నకి కూడా జవాబు చెప్పేసింది. టీచరు మొహం మాడిపోయింది. నాకు ముందు నవ్వొచ్చింది, తరవాత అనుమానం వచ్చింది.

స్టాఫ్ రూములో అడిగితే ఆవిడే బయటపడింది.

"మీ మెసేజీ వచ్చిన దగ్గర్నించి రోజూ అదే పాఠం సెప్తాం సార్. అందరం అంతే. మీకు తెల్దా ఏటి?"

తెలియకపోవడమేమిటి! టీచరుగా ఉన్న రోజుల్లో ఇన్‌స్పెక్షన్ వస్తుందంటే నేనూ అదే చేశాను. కుర్చీ మారేసరికి మరిచిపోయాను. బడి మొత్తం మీద నా ఎదుట కొత్త పాఠం చెప్పింది ఆ అమ్మాయి ఒక్కతే.

కరస్పాండెంటుగారి దగ్గరికి వెళ్లి ఆ ఫారం తప్పని చెప్పాను. ఆయన దాన్ని తీసి నా ముందు పెట్టారు.

"సంతకం మీదే కదా మాస్టారూ. ఆ పోస్టుకి వేరే మనిషికి మాటిచ్చీసినాను" అన్నారు.

మళ్లీ బతిమాలాను. ఆయన ఫోను చేతిలోకి తీసుకున్నారు.

ఆఖరి పనిరోజున ఆ అమ్మాయి రిజిస్టర్లు అప్పగించడానికి నా గదికి వచ్చింది. జరిగిందంతా చెప్పి, తప్పు నాదే అన్నాను. అయినా మనసాగక, "అందరూ పాఠం ముందే బట్టీ పట్టిస్తున్నారని నీకూ తెలుసు కదమ్మా. నువ్వెందుకు అలా చెయ్యలేదు?" అని అడిగాను.

"నాకూ సెప్పినారు సార్. వచ్చీసిన పాఠం సూపిస్తే మీరు నాకేటి నేర్పుతారు?"

ఏడవలేదు, కోప్పడలేదు. సంచీలోంచి నోటుబుక్కు తీసి, కొత్త పేజీ తిప్పి, "ఇప్పుడైనా సెప్పండి సార్. ఆ రోజు ఏటి తప్పు సేసినాను?" అంది.

కుర్చీ చూపించి కూర్చోమన్నాను. తరవాత చెప్పాను. దారి చెప్పడానికి కావలసిన మాటలు ముందు బోర్డు మీద రాయాలి. పిల్లల్ని ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి మాట్లాడించాలి. ప్రశ్న అడిగాక, వాళ్లు ఆలోచించుకునే దాకా నోరు మూసుకుని ఆగాలి. మధ్యలో తెలుగు రెండు ముక్కలు వస్తే కొంప మునిగిపోదు. ఆమె అన్నీ రాసుకుంది, అర్థం కానిచోట ఆపి అడిగింది. గంట పట్టింది.

నాలుగేళ్లలో ఒక టీచరుకి నేను ఏదైనా నేర్పింది ఆ గంటే. అప్పటికి ఆమె మా టీచరు కాదు.