దాచుకున్న చేతులు

నా చిన్నప్పుడు నన్నందరూ చేతకాని పిల్ల అనేవారు. నీళ్లకు పంపితే కుండ పగిలేది, పిడకలు చరిస్తే గోడకు కాక నా లంగాకే అంటుకునేవి. అలాంటి చేతుల మీద నాకెంత ప్రేమ ఉందో ఒక్క రోజే తెలిసింది.

మాది మొయినాబాద్ నుంచి చేవెళ్ల పోయే బాట పక్కన చిన్న ఊరు. మా పెద్దమ్మ ఇంటింటికీ తిరిగి బైబిలు చదివి వినిపించేది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పిల్లలకు ఒక నల్ల పాదిరి కథ చెప్పింది. అమెరికాలో బానిసలుగా బతికిన జాతిలో పుట్టి, ఆయన ఆఫ్రికా అడవులకు సువార్తకు పోయాడట. సముద్రాల అవతల కూర్చున్న తెల్ల రాజు కోసం అక్కడి జనం రబ్బరు పాలు తీసి తేవాలి. తేలేకపోతే చేతులు నరికేవారు. ఆ చేతులను పొగ మీద ఎండబెట్టడం పాదిరి కళ్లారా చూశాడు. రబ్బరు వాళ్ల దౌర్జన్యాలను లోకానికి చెప్పినందుకు తర్వాత ఒక కంపెనీ ఆయన్ను కోర్టుకీడ్చింది. ఆయన మాట మార్చలేదు, నిర్దోషిగా బయటికొచ్చాడు.

పెద్దమ్మ చెప్పింది ఆయన ధైర్యం గురించి. నా బుర్రలో మిగిలింది మాత్రం చేతులే.

ఆ వారమే తాసిల్దారు ఊళ్లు తనిఖీ చేసే దౌరాకొచ్చి మామిడితోటలో డేరా వేశాడు. డేరా పడిందంటే మా వాడకు వెట్టి. కట్టెలు, కోళ్లు ఇవ్వాలి, మగవాళ్లు సామాను మోయాలి, ఆడవాళ్లు వడ్లు దంచాలి. బాపు పొద్దున్నే మూటలు మోయడానికి పోయాడు. తర్వాత పటేలు మనిషి వాకిట్లో నిలబడి, దంచడానికి అమ్మను రమ్మన్నాడు. అమ్మ పచ్చి బాలింత, ఒళ్లు కాలిపోతోంది. లేవలేదని పెద్దమ్మ చెబితే, "నాకెందుకు, పోయి డేరాల ఉన్న దొరకు జెప్పు" అన్నాడు.

పెద్దమ్మ నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది. రబ్బరు తేకపోతేనే నరికితే, వెట్టికే పోకపోతే ఇంకేం చేస్తారు? డేరా కనబడగానే నా రెండు చేతులూ చంకల్లో కుక్కుకున్నాను.

"గా పోరి ఏం దాసింది? గుడ్లు గిట్ల ఎత్కపోతున్నదా?" అన్నాడు డేరా ముందు నిలబడ్డ పటేలు. చేతులు చూపించమన్నాడు తాసిల్దారు. నాకు ఏడుపొచ్చింది కానీ చేతులు రాలేదు. నా భుజం మీద పెద్దమ్మ వేళ్లు వణుకుతున్నాయి.

"ఏం దాసలే దొరా, చేతులే దాసుకున్నది. చేతులు నరికే రాజ్యం కథ చెప్పిన. గిది గూడ గదే రాజ్యమనుకున్నది. దీని తల్లి బాలింత, జొరంల ఉన్నది. దంచ రాకుంటే చేతులు పోతయని దీని ఫికర్."

తాసిల్దారు చాయ కప్పు కింద పెట్టాడు. నా చంకల వైపు చూశాడు. "బాలింతను ఎవరు పిలువమన్నరు?" అని పటేలునడిగాడు.

అమ్మకు వెట్టి తప్పింది. సాయంత్రానికి గుడ్లు పెట్టే మా కోడి మాత్రం పటేలింటికి పోయింది.

తిరిగొస్తూ, "నీకు భయం కాలేదా పెద్దమ్మా?" అనడిగాను.

"కాకేమి బిడ్డా? నీకు తోడని తోల్కపోయిననుకున్నవా? నాకు తోడని. గా పాదిరికి ఎవరున్నరో, పాపం."

ఇప్పటికీ ఏ సర్కారు కచేరీలోనైనా అన్యాయం మీద నోరు తెరవాల్సి వస్తే ముందు నా చేతులు చంకల్లోకి పోతాయి. వాటిని బయటికి లాగుతాను. ఒకటి పక్కవారి భుజం మీద వేస్తాను. వాళ్లు నా ఆప్యాయత అనుకుంటారు. వణుకు తగ్గదు. వణుకుతూనే మాట్లాడతాను.